గిన్నెలో ఉన్నది, ఆకులో పడ్డది

మా మేనత్త పోయిందని జయపురం నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఏడ్చాను. పదమూడో రోజు సంతాపసభలో మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఆమె ఫొటోకి దండ వేసి, "ఏ దేశంలో ఎంతమందికి డిజిటల్ బ్యాంకింగ్ అందిందో పోల్చి చూసిన మా సర్వేకి మేడమ్ ప్రాణం పోశారు" అన్నాడు. ఆ సర్వేలోంచి ఆమెను సాగనంపింది ఆయనే. కళ్లారా చూసినదాన్ని నేను.

అత్త జయపురం రాజావారి దివాణం ఉద్యోగుల ఇంటి పిల్ల. గణాంకాల ఆఫీసులో పనిచేసి రిటైరైంది. ఇంట్లో భోజనాలంటే వడ్డన ఆమె కనుసన్నల్లోనే జరగాలి. కూర సరిపోతుందా అని నేను గిన్నెలోకి తొంగిచూస్తే చీవాట్లే. "గిన్నెలో ఉన్నాది కాదమ్మీ, ఆకులో పడ్డాదా నేదా సూడు" అనేది. చివరి పంక్తి లేచేదాకా తాను కూర్చునేది కాదు.

పదేళ్ల కిందట ఆ సర్వేకి ఒడిశాలోని కొరాపుట్, రాయగడ జిల్లాల బాధ్యత ఆమెకిచ్చారు. ప్రశ్నలు అడగడానికి నన్నూ వెంట తీసుకెళ్లింది. ఖాతా ఉందా, కార్డు ఉందా, ఊళ్లో వేలిముద్ర వేసి డబ్బు తీసుకునే మిషను ఉందా. అన్ని దేశాల్లోనూ ఇవే ప్రశ్నలు. బిస్సమ్ కటక్ సంతలో చాలామంది 'ఉంది' అనేసరికి నేను సంబరంగా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. అత్త మొహం మాత్రం విచ్చుకోలేదు.

కొట్పాడ్‌లో నూలుకు రంగు వేసే ఒకావిడకు మూడూ ఉన్నాయి. అత్త ఆవిణ్ణి మిషను పెట్టిన కొట్టుకి తీసుకెళ్లింది. బూడిదనీళ్లలో, చెట్టు వేరు నుంచి తీసే రంగులో నాని ఆవిడ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. వేలు పెట్టింది. ఎర్రలైటు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్రలైటే. "రేపు రా" అన్నాడు కొట్టువాడు తలెత్తకుండా. కార్డు వచ్చిన దగ్గర్నుంచీ ఇదే మాటంటున్నాడని ఆవిడ అక్కడి దేశియా భాషలో చెప్పి, తప్పు వేలిదే అన్నట్టు దాన్ని గుప్పిట్లో దాచుకుంది. ఆ మిషనులోంచి రావలసింది ఆవిడ పింఛను. ఆ ఇంటి బియ్యం.

మర్నాటి నుంచి అత్త నాలుగో ప్రశ్న కలిపింది: నీ డబ్బు నీ చేతికి వచ్చిందా? సంగతి తెలిసి, సర్వే నడిపించే ఆ హైదరాబాదు పెద్దమనిషి జీపులో దిగాడు.

"మేడమ్, ఈ ప్రశ్న మిగతా దేశాల్లో లేదు. మీరొక్కరే అడిగితే పోలిక చెడిపోతుంది."

"అక్కడ అడగనేదని ఇక్కడా మానీమంటారేటి బాబూ? అక్కడా అడగమని సెప్పండి. తప్పుడు రాయితో ఎన్ని సంతల్లో తూస్తే ఏటి?"

ఆ వారమే ఆమె స్థానంలో ఇంకొకరు వచ్చారు. రిపోర్టు అచ్చయింది, మన దేశం పట్టికలో పైకెక్కిందని శాలువాలు కప్పుకున్నారు. కొట్పాడ్ ఆవిడ కూడా 'అందినవాళ్ల'లో చేరిపోయింది. పస్తున్న మనిషిని తిన్నట్టు రాసుకోవడం మోసం కాకపోతే మరేమిటి? అత్తకి తాను కన్నుమూసేదాకా ఆ కోపం చల్లారలేదు. నాకు ఆమె ఇచ్చిపోయిన ఆస్తి అదే, దాన్ని పోగొట్టుకోను.

సభ అయ్యాక భోజనాలు. పెద్దమనిషికి మొదటి పంక్తిలో కొసరి కొసరి వడ్డించారు. చివరి పంక్తిలో, గుమ్మం పక్కన, కొట్పాడ్ ఆవిడ కనిపించింది. కబురు ఎలా తెలిసిందో, బస్సెక్కి వచ్చింది.

"అందరికీ అందిందా?" చెయ్యి కడుక్కుంటూ అడిగాడు పెద్దమనిషి.

"ఓ, సాలా ఉన్నాది బాబూ" అని వడ్డించేవాడు నిండు గిన్నె ఎత్తి చూపించాడు.

నేను ఆ గిన్నె లాక్కుని గుమ్మం వైపు నడిచాను. ఆవిడ ఖాళీ ఆకు గాలికి ఎగిరిపోకుండా, రంగు దిగని ఆ బొటనవేలితో అదిమిపట్టుకుని కూర్చుంది.