ఎర్రబడిన గడప పసుపు

నిన్న సాయంత్రం వాకిలి కడిగి గడపకు పసుపు రాసి లేవబోతుంటే, ఆ తడి పసుపు చూస్తుండగానే కుంకుమ రంగుకు తిరిగింది. జలుబుతో ముక్కు మూసుకుపోయి నాకు ఏ వాసనా తెలియడం లేదు, కళ్లు కాస్త మండాయంతే. కానీ ఆ రంగు నేనెరుగుదును. మా ఏక్‌బాల్‌పూర్ సందు చివర చేపల కోసం మంచు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. అక్కడి అమ్మోనియా బయటికి వచ్చేసిందని అర్థం కాగానే, ఉబ్బసం ఉన్న మా చిన్నవాడు ఎక్కడున్నాడా అని పరుగెత్తాను.

మెట్ల మీద గోలీలాడుతున్న వాణ్ని ఎత్తుకొచ్చి, తలుపులూ కిటికీలూ మూసి, సందుల్లో తడిబట్టలు కుక్కాను. మావారు గార్డెన్ రీచ్‌లో డ్యూటీలో ఉన్నారు.

"ఏటే కోడలా, గడప అలాగ ఎర్రబడిపోనాది? ఇంటికి కీడేటో" అన్నారు అత్తగారు.

"కీడు కాదత్తా, గాలి చెడింది. ముక్కుకు తడిగుడ్డ పెట్టుకోండి."

వెనక గదిలో అమ్మాయినీ చిన్నవాణ్నీ దగ్గరికి తీసుకుని కూర్చుంటే, నాన్న రైల్వే వర్క్‌షాపు ఉద్యోగం రోజుల్లో లిలువాలో నేను చదివిన బడి గుర్తొచ్చింది. నా ఈడువాళ్లకు జ్ఞాపకముండే ఉంటుంది, ప్రాక్టికల్స్‌లో తలా ఒక లవణం పొట్లం చేతికిచ్చి అందులో ఏముందో కనుక్కోమనేవారు. సున్నపుతేట పాలలా మారితే ఒక వాయువు, కుళ్లిన గుడ్ల కంపు కొడితే మరొకటి, మంట ఇటుక రంగుకు తిరిగితే కాల్షియం, అమ్మోనియా పోయగానే సిరాకన్నా చిక్కని నీలం వస్తే రాగి. పెద్ద తరగతుల ఆడపిల్లలకు యూనిఫాం చీరలే. అమ్మ కొత్త చీర చెంగుకు పసుపు పెట్టందే కట్టుకోనిచ్చేది కాదు. ఒకరోజు అమ్మోనియా వస్తున్న పరీక్షనాళిక మీదికి వంగినప్పుడు తడిసిన నా చెంగు అంచు ఎర్రబడి, క్లాసంతా గొల్లుమంది. మా కెమిస్ట్రీ టీచరమ్మ, దీదీమణి అనేవాళ్లం, ఆవిడ మాత్రం నవ్వలేదు. ముక్కు కాసేపటికి వాసనకు అలవాటుపడిపోతుంది, రంగు అలవాటుపడదు, ఈ చెంగును నమ్మండి అన్నారు.

చీకటి పడేవేళకు కింది వాటా బెంగాలీ దాదా తలుపు తట్టి, వదినా అన్నట్టుగా, "బౌదీ, పైపు కట్టేశారట, వాసన పోయింది, కిటికీలు తెరవండి" అని కేకేశాడు. గదిలో ఉక్కకు చిన్నవాడికి అప్పటికే ఎగశ్వాస మొదలైంది. తెరవకపోయినా, తొందరపడి తెరిచినా వాడికే ప్రమాదం. వాసన నిజంగా పోయిందో, దాదా ముక్కు అలవాటుపడిందో ఎలా తెలుస్తుంది? పాత గుడ్డపేలిక పసుపునీళ్లలో ముంచి, గొడుగు కొసకు కట్టి, కిటికీ సందులోంచి బయటికి పెట్టాను.

"ఈ ఊళ్లో ఎర్రజెండాలు సాలవనేటే, నువ్వు పసుపు జెండా ఎగరేస్తన్నావు?" అన్నారు అత్తగారు.

లోపలికి లాగితే అదీ ఎర్రజెండాయే అయింది. ఆవిడ మనవడి వీపు నిమురుతూ కూర్చున్నారు. కొంతసేపాగి ఇంకో పేలిక పెట్టాను. ఈసారి ఎంతసేపున్నా పసుపు పసుపుగానే ఉంది. కిటికీలన్నీ తెరిచేశాను. నది మీది గాలి ఇల్లంతా తిరిగింది, వాడి ఊపిరి మెల్లగా కుదుటపడింది. తలుపు తీసి చూస్తే గడప కూడా మళ్లీ పచ్చబడుతోంది. అక్కడే కూలబడి తనివితీరా ఏడ్చాను.

అందరూ పడుకున్నాక ఇదంతా రాసుకుంటున్నాను. ఆనాడు నేను సిగ్గుపడ్డట్టే మా అమ్మాయీ స్కర్టు అంచున నానమ్మ పెట్టిన పసుపుకు సిగ్గుపడి, సబ్బుతో రుద్ది, అది పోకపోగా ఎర్రబడితే ఏడుస్తుంది. నాకు పసుపు పెట్టిన అమ్మ చెయ్యి మాత్రం ఇప్పుడు లేదు.

ఈ ఉదయం బడికి బయల్దేరేటప్పుడు పిల్లలిద్దరికీ చెప్పాను: "పసుపు చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. 'మా అమ్మ ముక్కుకు జలుబు చేస్తుంది గానీ ఈ పసుపుకు చెయ్యదు' అని చెప్పండి."