రెండో సంతకం

కొత్త మానసిక ఆరోగ్య చట్టం అమల్లోకి వచ్చిన మరుసటి ఏడాది నేను ఏలూరులోని ఒక ఆసుపత్రిలో సీనియర్ సైకియాట్రిస్టుని. రోగి వద్దంటున్నా చేర్చుకోవాలంటే అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి. ఇద్దరు నిపుణులు ఒకరి రాత ఒకరు చూడకుండా పరీక్షించాలి. మనిషి ప్రమాదంలో ఉన్నాడనీ, తన మంచిచెడ్డలు తేల్చుకోలేడనీ ఇద్దరూ రాస్తేనే ముప్పై రోజుల వరకు ఉంచవచ్చు. నేనుండగా ఇంకొకరెందుకని విసుక్కునేవాణ్ణి.

ఆ వానాకాలం ఒక ఉదయం కొల్లేటికోట నుంచి చేపల చెరువు కాపలాదారు ఏసుబాబును తువ్వాలుతో చేతులు కట్టి తెచ్చారు. తెచ్చింది చింతలపూడిలో పామాయిల్ తోట చేసే అతని భార్య అన్న. చూసిపోదామని వచ్చినవాడు, తెల్లవారుతూనే ఏసుబాబు పీకల్లోతు నీళ్ళలో అరుస్తుంటే బయటికి లాగాడట. నాలుగు రోజులుగా నిద్ర లేదట.

"అవి నన్ను పిలుస్తున్నాయండీ. నోళ్ళు తెరుచుకుని అడుగుతున్నాయండీ. నన్ను పోనివ్వండి," అన్నాడు ఏసుబాబు.

లేని గొంతులు వినిపిస్తున్నాయని రాసి సంతకం పెట్టాను. దరఖాస్తు మీద, ప్రతినిధిగా వెంట వచ్చిన అతని భార్య సంతకం అప్పటికే ఉంది.

రెండో పరీక్ష క్లినికల్ సైకాలజిస్టు మార్తమ్మ గారిది. కొల్లేటి లంకలో బడిపంతులు గారి కూతురు. అరగంటకు బయటికొచ్చి, తాను ఒప్పుకోవడం లేదన్నారు. మబ్బు పడితే చెరువులో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరుచుకుని పైకొస్తాయట. గాలి పట్టించే మోటారు కాలిపోయి నాలుగు రోజులైంది. అతను నీళ్ళలో దిగి చేతులతో చిలుకుతున్నాడు.

"జబ్బు మోటారుకండీ, మనిషికి కాదు," అన్నారావిడ.

నాకు ఒళ్ళు మండింది. తాడేపల్లిగూడెం కిరాణా వ్యాపారుల ఇంట్లో పుట్టి, చేపల బజారును ముక్కు మూసుకుని దాటినవాణ్ణి. నిజమో కాదో తేల్చుకుందామని భార్యను పిలిచాను.

"నిజమేనండీ. మా అన్నయ్య మెట్టవారు, చెరువుల సంగతి తెలీదండీ. నిద్రకి మందిస్తారంటే సంతకం పెట్టానండీ."

"ముందే చెప్పలేదేమ్మా?"

"మీరు అన్నయ్యనే అడిగారు కదండీ."

తువ్వాలు నేనే విప్పాను. మోటారు మార్చామని చెరువు యజమాని ఫోన్ చేశాకే ఏసుబాబు మాత్ర మింగి, ఓపీ బల్ల మీద సాయంత్రం దాకా గుర్రుపెట్టాడు. మా వార్డులో ముప్పై రోజులుండి వెళితే అతనికి మళ్ళీ చెరువు అప్పగించేవారెవరు? ఆ గురక వింటుంటే నా గుండెల మీది బరువు దిగింది.

రిటైరయ్యేదాకా రెండో సంతకాన్ని మళ్ళీ విసుక్కోలేదు. దరఖాస్తు మీద ఎవరి సంతకం ఉంటే, ముందు వాళ్ళనే అడిగాను.