కొవ్వొత్తుల ఇంటి కథ చెప్పే ప్రేమజ్యోతి

న్యూజెర్సీలో ఓ చిన్న ఊళ్ళో పాత చెక్క ఇల్లొకటి ఉంది. పద్దెనిమిది వందల యాభైల్లో, ఇటలీ స్వాతంత్ర్యం కోసం పోరాడి, ఉరి తప్పించుకుని వచ్చిన లోరెన్జో అనే యోధుడు అక్కడ కొవ్వొత్తులు పోసుకుంటూ బతికాడు. శనివారాలు ఆ ఇల్లు చూడవచ్చినవాళ్ళకు ఆయన కథ చెప్పేది ప్రేమజ్యోతి. భర్త వీసా మీద వచ్చిన మనిషికి ఉద్యోగం చేసే వీల్లేదు గనుక, అపార్ట్‌మెంటు గోడలు చూస్తూ కూర్చోలేక, జీతం లేకుండానే చెప్పేది. చీర మీద భర్త పాత కోటు వేసుకుని, వేలి ఉంగరం తిప్పుకుంటూ, ఎప్పుడూ ఒకే గొంతుతో చెప్పేది.

డెబ్బై ఏడు నవంబరులో దివిసీమ ఉప్పెన ఆమె తల్లిని తీసుకుపోయింది. "ఇప్పుడు దేశం దాటితే గ్రీన్ కార్డ్ అప్లికేషన్ క్యాన్సిల్ అయిపోద్ది జ్యోతీ, మళ్ళీ రానివ్వరు," అన్నాడు భర్త ఆమోసు. "అమ్మని మట్టి చేసేదెవరండీ?" అందామె. "బాడీ ఇంకా దొరకలేదంట," అని అతను ముఖం తిప్పుకున్నాడు. ఆ శనివారమూ ఆమె వెళ్ళింది. ఇటలీలో తన తల్లి పోయిన కబురు విన్న రోజు కూడా లోరెన్జో కొవ్వొత్తులు పోశాడని మామూలుగానే చెప్పింది. "ఎంత రాతిగుండె!" అందో అమెరికన్ పెద్దావిడ. ఇంకెప్పుడైనా అయితే ప్రేమజ్యోతి నవ్వి పక్క గదిలోకి నడిచేది. ఆవేళ కదల్లేదు. "కాదు మేడమ్. వెళ్తే ఉరి తీస్తారు. వెళ్ళలేనివాడు చేతులు కట్టుకుని ఎలా కూర్చుంటాడు?" అని ఇంగ్లీషులోనే అంది. ఉంగరం తిప్పుకుంటూ, "వాళ్ళమ్మకి సమాధన్నా ఉంది," అంది. ఆ మాట తెలుగులో వచ్చిందని ఆమెకు తెలియలేదు. పెద్దావిడకు అర్థమూ కాలేదు. కానీ దగ్గరికొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.