పెట్టెలోకి పోయిన అడాప్టర్

పిల్లలూ, మొన్న జనవరిలో మీతో వీడియో కాల్ మాట్లాడిన ప్రతిసారీ నా ముఖం నోరు తెరుచుకుని ఆగిపోయేదట, ఆ ఫోటోలన్నీ దాచుకున్నారట. మీ అమ్మ చెప్పింది. అమ్మమ్మ గొంతు వినిపించదని ఎప్పుడూ అంటారు కదా, ఆ నెల ముఖం కూడా సరిగ్గా కనిపించలేదు. ఎందుకో చెబుతాను. తప్పు ఎవరిదని చివరిదాకా వెతుక్కోనవసరం లేదు. నాదే.

మన ఇళ్లలో డిసెంబరు రాగానే ఇంటి ముందు నక్షత్రం కడతాం, కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక దింపుతాం. వెనకటికి వెదురు బద్దలు, రంగు కాగితం, లోపల ఒక బల్బు ఉండేవి. ఇప్పుడున్నది చిన్న చిన్న లైట్ల పట్టీ అతికించిన ప్లాస్టిక్ నక్షత్రం. దానికి ఒక నల్లటి అడాప్టర్. ఇంటర్నెట్ డబ్బాకు కూడా అలాంటిదే నల్లటి అడాప్టర్. రెండూ ముందుగది కిటికీ పక్కన ఒకే స్విచ్ బోర్డులో ఉండేవి, చూడటానికి కవలలే. ఆస్పత్రిలో అన్నేళ్లు నర్సుగా చేసి, కవల పిల్లల చేతులకు దారం కట్టి గుర్తుపెట్టిన దాన్ని, వీటికి మాత్రం కట్టలేదు. దుమ్ము తుడుద్దామని రెండూ పీకాను. డబ్బా అడాప్టర్‌ను నక్షత్రంతో కలిపి పాత చీర ముక్కలో చుట్టి, కలరా ఉండలు వేసి మరీ పెట్టెలో దాచాను. నక్షత్రానిది డబ్బాకు మిగిలింది, దాన్నే తగిలించాను. డబ్బా లైట్లు వెలిగాయి. అంతా బాగుందనుకున్నాను.

అదే వారం మన ముందుగదిలోకి ఒక అమ్మాయి అద్దెకు వచ్చింది. భైంసా పిల్ల, ఫిజిక్స్ చదివింది. ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో పదో తరగతి పిల్లలకు సైన్సు చెప్పే కొలువు దొరికింది. రెండు నెలలు చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు. లేదంటే భైంసా తిరిగి వెళ్లి అన్న పత్తి దుకాణంలో ఫోన్లు ఎత్తాలి. ఆమె ఇంట్లోవాళ్లు పెట్టిన షరతు అది. కాబట్టి ఆమె కొలువంతా మన డబ్బా మీద ఆధారపడి ఉంది.

పాఠం మొదలయ్యేటప్పుడు బాగానే ఉండేది. ఆమె వీడియో, పిల్లల వీడియోలు అన్నీ తెరుచుకోగానే డబ్బా లైట్లు ఒక్కసారిగా ఆరిపోయి, మళ్లీ ఒక్కొక్కటే వెలిగేవి. రెండు నిమిషాలు పట్టేది. పాఠం వదిలించుకోవడానికి పిల్లలకు రెండు నిమిషాలు చాలు.

లైను బాగుచేసే మనిషిని పిలిచాం. నడివయసువాడు, మర్యాదస్థుడు. డబ్బా వైపు ఒకసారి చూశాడు.

"లైటు వెలుగుతుంది గదా సిస్టరమ్మా. అడాప్టర్‌కు ఏం రోగం లేదు," అన్నాడు, దాన్ని ముట్టుకోకుండానే. "బయట కోతులు వైరు పట్టుకొని ఊగుతున్నయ్."

"సరిగ్గ నా క్లాసు టైముకే ఊగుతయా అన్నా?" అంది అమ్మాయి.

"చదువు మీద మనసున్న కోతులేమో."

వైరు మార్చాడు. తగ్గలేదు. మరుసటి వారం డబ్బానే మార్చాడు. కొత్త డబ్బాతో పాటు అట్టపెట్టెలో కొత్త అడాప్టర్ కూడా వచ్చింది. దాన్ని తన సంచిలో వేసుకున్నాడు.

"రెండిటికి పిన్ను ఒక్కటేనమ్మా, గోడకున్నదే ఉండనియ్యి. గిది ఎవలకన్న అక్కరకొస్తది."

అక్కర ఉన్నది మాకేనని ముగ్గురికీ తెలియదు. అతనికి నేను చాయ్ కూడా ఇచ్చాను.

ఆదివారం స్త్రీల కూటంలో లైను కోసం ప్రార్థన చేయించాను. అమ్మాయి నమాజు తర్వాత దువా చేసింది. రెండూ పైకి బాగానే చేరి ఉంటాయి. కావలసినదాన్ని నేను మడతపెట్టి పెట్టెలో దాచాక దేవుడు మాత్రం ఏం చేస్తాడు?

ఫిబ్రవరిలో ఆమెకు కబురు వచ్చింది. గురువారం పాఠం పైవాళ్లు కూర్చుని వింటారట. ఈసారి కూడా ఆగిపోతే ఇక అంతేనట. ఆ రోజు నేను అరుగు మీద కందికాయలు ఒలుస్తూ కూర్చున్నాను. పాఠం కరెంటు గురించే. తలుపు సందులోంచి ఆమె గొంతు వినిపిస్తోంది.

"బల్బుకు కావలసినంత కరెంటు అందకపోతే ఏమవుతుంది? ఎవరు చెబుతారు?"

పిల్లలెవరూ చెప్పలేదు. డబ్బా చెప్పింది.

చాయ్ తీసుకుని లోపలికి వెళ్లాను. బల్ల మీద తల వాల్చి ఉంది.

"ఇగ భైంసాకే, సిస్టరమ్మా. అన్నకు ఫోన్ చేస్త."

"జర ఆగు బిడ్డా. చాయ్ తాగు." ఏం చెప్పాలో తోచక ఆస్పత్రి మాటలే వచ్చాయి. "ఉట్నూర్ దిక్కుకెల్లి కడుపుతోని ఉన్నోళ్లు వస్తుండె. కూసున్నంతసేపు నవ్వుకుంటనే మాట్లాడుతరు. నాలుగు మెట్లు ఎక్కమంటె కండ్లు తిరిగి పడుతరు. ఒంట్ల రక్తం ఉండది. గీ డబ్బా గూడ గట్లనే ఉన్నది. ఊకె ఉంటె మంచిగుంటది, పని చెప్తె పడుతది."

ఆమె తల ఎత్తింది. లేచి వెళ్లి గోడకున్న అడాప్టర్ పీకింది. దాని వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివింది. డబ్బాను తిరగేసి దాని కింద ఉన్నవీ చదివింది.

"డబ్బా రెండు ఆంపియర్లు అడుగుతది. గిది ఇచ్చేది అర," అంది. "నెల రోజుల సంది గిదే పాఠం చెప్తున్న సిస్టరమ్మా. నా ఎనక గోడకే ఉన్నది."

తర్వాత కోపం వచ్చింది. "గా లైను అన్న తప్పు అడాప్టర్ పెట్టి పోయిండు. కంప్లైంట్ రాస్త. మా సార్లకు గూడ గదే చెప్త." ఫోన్ చేతిలోకి తీసుకుంది.

అడాప్టర్ అంచున అంటుకున్న వెండి పొడి అప్పుడు నా కంటపడింది. నక్షత్రం మీది మెరుపు పొడి.

గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోవచ్చు. ఆమె బజారుకు వెళ్లినప్పుడు అసలుది తెచ్చి పెట్టేసి, ప్రార్థనకు జవాబు దొరికిందని కూటంలో సాక్ష్యం చెప్పుకోవచ్చు. ఆ సాక్ష్యంలో రెండు వాక్యాలు మనసులో తయారయ్యాయి కూడా. బాగానే వచ్చాయి.

"రాయకు బిడ్డా," అన్నాను. "గాయన చూడలే, గదొక్కటే ఆయన తప్పు. మార్చింది నేను."

పెట్టెలోంచి చీర మూట తెచ్చి బల్ల మీద విప్పాను. ఆమె నక్షత్రాన్ని చూసింది, అడాప్టర్‌ను చూసింది, నన్ను చూసింది.

"అంటె రోగం చెప్పింది మీరే, రక్తం తీసి పెట్టెల దాచింది గూడ మీరే."

"అవును బిడ్డా."

"కలరా ఉండలు గూడ ఏసిన్రు."

"పురుగులు పడుతయని."

కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది, కళ్లు తుడుచుకుంది, పైవాళ్లకు ఉన్నది ఉన్నట్టు రాసింది: ఇంటామె అడాప్టర్‌ను క్రిస్మస్ నక్షత్రంతో కలిపి దాచింది, ఇంకొక్క పాఠం వినండి. ఇన్నాళ్లూ కోతులని రాస్తే నమ్మినవాళ్లు, దీనికి మాత్రం రుజువు అడిగారు. రెండు అడాప్టర్లనూ నక్షత్రాన్నీ పక్కపక్కన పెట్టి, వాటి పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీసి పంపింది.

ఇంకొక పాఠం ఇచ్చారు. మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు. సాయంత్రం జవాబు వచ్చింది. లైను బాగుందట. కానీ మరీ వేగంగా చెబుతోందట, పిల్లలు అందుకోలేకపోతున్నారట. ఇంకొక నెల చూస్తారట. ఆ రోజుదాకా ఆమె ఎలా చెబుతుందో పూర్తిగా వినే అవకాశం ఎవరికీ రాలేదు మరి.

"మీరు మెల్లగ మాట్లాడుతరు గదా, నాకు నేర్పున్రి," అంది. రోజూ పొద్దున నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెబుతోంది. అర్థం కాకపోతే నేను చెయ్యి ఎత్తాలి. ఎత్తితే ఆగి, మళ్లీ నిదానంగా చెబుతుంది. నెలాఖరుకు ఏమంటారో ఇంకా తెలియదు. అన్నకు మాత్రం ఫోన్ చేయలేదు. నిన్నటి పాఠంలో నేను మూడుసార్లు చెయ్యి ఎత్తాను. మూడోసారి నిజంగానే అర్థం కాలేదు.