కీబోర్డు బాగానే ఉంది, రమణా

నిన్న పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే రమణ కూతురు ఫోన్ చేసింది.

"అంకుల్, పాపా నహీ రహే."

నాన్న ఇక లేరట. నాకేం అర్థం కాలేదు. వైజాగ్‌లోనా అమ్మా అని అడిగా.

"నహీ అంకుల్. యహీ, హాస్పిటల్ మే."

ఇక్కడే. ఢిల్లీలోనే.

పోయిన వారమే కదరా ఫోన్ చేశావు, వైజాగ్‌లో ఉన్నా, ఒకటే ఉక్కపోత అని. మాడుగుల హల్వా తెమ్మంటే "ఠీక్ హై" అన్నావు. హాస్పిటల్ బెడ్ మీద నుంచి.

తెలియనివాళ్ళకి చెప్తున్నా. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒకే రూమ్‌లో ఉండి సివిల్స్‌కి చదివాం. ఇద్దరికీ రాలేదు. ఇద్దరం ఇక్కడే మినిస్ట్రీల్లో సెక్షన్ ఉద్యోగాల్లో పడ్డాం. ఇళ్ళు మాత్రం ఢిల్లీకి చెరో చివర, నేను ఇందిరాపురం, వాడు ద్వారక. టైపింగ్ హయ్యర్ పాసయ్యాడు. కీస్ వంక చూడకుండా కొట్టేవాడు, మనతో మాట్లాడుతూనే.

రెండు నెలల క్రితం ఫోన్. "రేయ్, నా టాబ్లెట్ కీబోర్డ్ పనిచేయట్లేదు. వచ్చి చూడు."

స్క్రీన్ నుంచి కీబోర్డ్ ఊడొచ్చే మోడల్ అది. ముచ్చటపడి కొనుక్కున్నాడు.

బస్సు, మెట్రో మారి వెళ్ళా. కీబోర్డ్ ఊడదీశా. అడుగున పిన్స్ గుడ్డతో తుడిచా. మళ్ళీ బిగించా. రీస్టార్ట్ చేశా. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశా.

ఇప్పుడు కొట్టు అన్నా.

ఎడమవైపు అక్షరాలు పడ్డాయి. కుడివైపువి పడలేదు.

నేను కొట్టా. అన్నీ పడ్డాయి.

"కొత్త పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నట్టు అంత మెల్లగా నొక్కుతావేంట్రా, గట్టిగా కొట్టు" అని తిట్టా.

నవ్వాడు. "లూజ్ కాంటాక్ట్ అయ్యుంటుందిలే" అన్నాడు.

వాళ్ళావిడ పద్మ లేచి కిచెన్‌లోకి వెళ్ళిపోయింది. టీ పెట్టడానికేమో అనుకున్నా.

నిన్న శ్మశానం నుంచి వచ్చాక పద్మ చెప్పింది. మెదడులో గడ్డ. నేను కీబోర్డ్ చూడ్డానికి వెళ్ళేనాటికే కుడిచేతి వేళ్ళల్లో పట్టు పోతోంది. గడ్డ సంగతి వాడికి తెలుసు. పద్మకీ తెలుసు. వైజాగ్ వెళ్తున్నామని చెప్పి ఆపరేషన్‌కి అడ్మిట్ అయ్యాడు. తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇంక లేవలేదు.

"మరి కీబోర్డ్ పోయిందని నన్నెందుకు పిలిచాడమ్మా?"

"గడ్డ ఇంకా చేతిదాకా రాలేదని, నిజంగా కీబోర్డే పాడైతే బాగుండునని ఆశ అన్నయ్యా. మీరు కొట్టి చూపించాక ఇంక డౌట్ లేదన్నారు."

అంటే నా చేతులతోనే తేల్చుకున్నాడు. నాకు ఒక్క ముక్క చెప్పకుండా.

"మీకు చెప్దామని ఎన్నిసార్లో అన్నాను. అందరూ జాలిగా చూస్తున్నారు, వాడొక్కడైనా నన్ను మామూలుగా తిట్టనీ అన్నారు."

రాత్రి నుంచి ఇదే మాట బుర్రలో తిరుగుతోంది.

హాస్పిటల్‌కొచ్చి కూడా తిట్టేవాణ్ణి కదరా. నీ పక్కన కూర్చుని, నర్సులు బయటికి పొమ్మనేదాకా తిట్టేవాణ్ణి.

ఆ ఛాన్స్ నాకివ్వలేదు నువ్వు. ఒక్క మెట్రో ప్రయాణం దూరంలో ఉండి, నన్ను వైజాగ్‌లో ఎండలెలా ఉన్నాయని అడిగేలా చేశావు.

ఇది మోసం కాక ఏంటి?

నిన్నింకా క్షమించలేదు. ఆ తగువు నాకొదిలెయ్.

వెళ్ళిరా రమణా. నొప్పి లేని చోట హాయిగా పడుకో.