కిటికీ ముందరి పైన్ వరస

మా బావ బెల్మీరోతో పైన్ తోటలోకి వెళ్తే నేను ఇవాళ్టి తోటలో నడుస్తాను, ఆయన ఇరవై ఏళ్ల తరవాతి తోటలో నడుస్తాడు. బరమాతో కాండాన్ని తొలిచి, పుల్లంత ముక్క తీసి, అందులో వలయాలు చూసి కళ్లు మూసుకుంటాడు. ఏ ఏటికి చెట్టు ఎంత లావెక్కుతుందో, కోత మిల్లు ఎంత ఇస్తుందో, కార్చిచ్చు భయం పోను ఎంత మిగులుతుందో కలలో మాట్లాడినట్టు చెబుతాడు. మా కొండల్లో ఆయన్ని అడక్కుండా ఎవరూ చెట్టు కొట్టరు. జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే: "ఇప్పుడు కాదు."

ఆయన భార్య, మా అక్క ఫెలిస్మీనాకూ అదే జవాబు. పెళ్లైన కొత్తలో వాళ్ల వంటింటి కిటికీలోంచి జెజిరె నది కనిపించేది. బావ నాటిన పైన్లు ఎదిగి దాన్ని మింగేశాయి. ఇప్పుడు అక్క కళ్లు మసకబారుతున్నాయి, మందు లేదన్నారు. చూపు పోయేలోగా నదిని చూడాలని ఆమె కోరిక.

"కిటికీ ముందు వరస కొట్టించవయ్యా," అంది.

"ఎనిమిదేళ్లాగు. అప్పుడు దూలాలకు పనికొస్తాయి. ఇప్పుడు కొడితే వంటచెరకే."

"నీ లెక్కలో చెట్లకు వయసుంది. నాకు లేదా?"

బావ కిటికీలోంచి కాండాల లావు అంచనా వేస్తున్నాడు. ఇరవై ఏళ్ల అవతలి చెట్టు కనిపించే మనిషికి పక్కనున్న పెళ్లాం కనిపించలేదు. నాకు ఒళ్లు మండింది.

నాది పైన్ బంక తీసే పని. ఉంచుకునే చెట్టుకు ఒక పక్కే గాటు పెడతాం. రెండు పక్కలా పెట్టామంటే దానికి చావు రాసినట్టే, నాలుగేళ్లలో కొట్టేయాలి. మర్నాడు ఆ వరసంతా రెండు పక్కలా గాట్లు పెట్టి పిడతలు కట్టాను.

బావ వచ్చి చూశాడు. "ఎంత పని చేశావే మరదలా."

"లెక్క మళ్లీ వేసుకో బావా. ఈసారి మా అక్కని కూడా కలుపు."

"నాలుగేళ్లు కూడా నా దగ్గర లేవు," అంది అక్క, కిటికీలోంచి.

బావ కారుతున్న బంకను వేలితో తుడిచి చూసుకుని వెనక్కి తిరిగాడు. తెల్లారేసరికి రంపం చప్పుడు వినిపించింది. మధ్యాహ్నానికి వంటింట్లోకి ఎండ వచ్చింది. బావ అక్కను చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకొచ్చాడు.

"కనిపిస్తోందా?"

"ఆఁ. మెరుస్తోంది. రేవులో పడవ కూడా ఉంది, జనం ఎక్కుతున్నారు."

వంతెన కట్టాక ఆ పడవ ఎప్పుడో ఆగిపోయింది. నేను నోరు తెరవబోతే బావ కళ్లతోనే ఆపాడు.

"ఉంది ఫెలిస్మీనా. మనమూ ఎక్కుదామా?"

"ఇప్పుడా?"

"ఇప్పుడే," అని బావ ఆమె శాలువా తేవడానికి లోపలికి వెళ్లాడు.