ఏడు మార్కుల పిల్ల

జగ్గారావు నోట “భేష్” అన్నమాట ఇరవై రెండేళ్లలో నేనొక్కసారీ వినలేదు. ఈ గల్ఫ్ దేశంలో, హూరా పేటలో మా పై వాటాలోనే ఉంటాడు. భార్య వీరవేణి గుత్తొంకాయ కూర ఎంత కమ్మగా వండినా “తినొచ్చు” అంటాడు. బాగుందంటే మర్నాడు మాడుతుందని భయం. కాకినాడలో వాళ్ల నాయనమ్మ ముద్దొచ్చే పిల్లల్ని “ఏడిశావులే, బొగ్గు మొహమా” అనేదట. ఆ పెంపకం.

కుర్రతనంలో గోల్‌కీపరు. ఇక్కడొక ప్రైవేటు కాలేజీలో ఆటల విభాగం సహాయకుడు. బంతులకు గాలి కొడతాడు, వలలు కడతాడు. స్కూళ్ల నుంచి వచ్చే కొత్త గోల్‌కీపర్లను చూసి పదికి మార్కులు వేయడమూ ఆయన పనే. అంతంతమాత్రం ఆడేవాళ్లకు పాపమని ఎనిమిది వేసేవాడు. నిజంగా గొప్పగా ఆడేవాళ్లకు మాత్రం ఏడు, దిష్టి తగలకుండా. పాత కోచ్‌కి ఈ సంగతి తెలుసు. కాగితం మీద ఏడు కనబడగానే “మన పిల్ల ఈమేనా?” అని అడిగి తీసుకునేవాడు.

ఆ కోచ్ వెళ్లిపోయాక అమ్మాయిల జట్టు చెదిరిపోయింది. రెండేళ్లు మైదానం ఖాళీ. ఈ ఏడాది ట్యునీషియా నుంచి సల్మా అనే ఆవిడ కోచ్‌గా వచ్చి, జట్టును మళ్లీ పునాది నుంచి కడతానంది. ఈసా టౌన్ స్కూళ్ల నుంచి ఐదుగురు గోల్‌కీపర్లు వచ్చారు. కావలసింది ఇద్దరు.

ఆ ఐదుగురిలో తన్మయి ఒకతె. జట్టులో చోటు దొరికితే ఫీజు ఉండదు, ఇక్కడే చదువుకుంటుంది. దొరక్కపోతే రాజమండ్రిలో హాస్టలు. అక్కడి కాలేజీలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ లేదు.

“అది లేకపోతే మా పిల్ల అన్నం తినదండీ, కాస్త చూడండి” అంది వాళ్లమ్మ మధులిక, గేటు దగ్గరే జగ్గారావుని ఆపి.

తన్మయి ఇరవై బంతుల్లో పద్దెనిమిది ఆపింది. చివరిదానికి గాలిలో అడ్డంగా తేలి, వేళ్ల కొసలతో బయటికి నెట్టింది. జగ్గారావు గొంతు సవరించుకుని “ఊఁ, పర్లేదు” అన్నాడు. కాగితం మీద ఏడు వేశాడు. కోచ్ పిలిచి అడుగుతుందని ఎదురుచూశాడు.

ఆవిడ అడగలేదు. గురువారం జాబితా గోడమీద పడింది. ఎనిమిది వచ్చిన ఇద్దరి పేర్లున్నాయి.

జగ్గారావు పరుగున వెళ్లాడు. “మేడమ్, నా ఏడంటే పది!”

“మరి పదే వేయొచ్చుగా?”

“పిల్లకి నజర్ తగులుతుందని మేడమ్.”

సల్మా నవ్వలేదు. “నజర్ మాకూ ఉంది, భాయ్. మాషాల్లా అనుకుని పది వేస్తాం” అంది. “ఆ ఇద్దరికీ కబురు వెళ్లింది, సంతకాలు కూడా పెట్టారు. ఇప్పుడెవరిని పొమ్మనను? ఖలాస్.”

ఆయన బయటికొచ్చాడు. వరండాలో తన్మయి నిలబడి ఉంది. ఏడవడం లేదు.

“అంకుల్, ఆ మూడు మార్కులు ఎక్కడ పోయాయో చెప్పండి. దిద్దుకుంటాను.”

నిజం చెప్పడానికి నోరు రాలేదు. “ఎడమ పక్కకి దూకడం కాస్త లేటమ్మా” అన్నాడు. అబద్ధం.

ఆ మర్నాటి నుంచి సాయంత్రం నాలుగింటికల్లా వచ్చేది. “ఎడమకే వేయండి అంకుల్” అనేది. ఆయన వేసేవాడు. లోపమే లేని వైపు పడీ పడీ ఆ పిల్ల ఎడమ మోచెయ్యి చీరుకుపోయింది. వీరవేణి ఇంట్లో మండిపడింది.

“దానికి లోపం లేదని చెప్పి చావొచ్చు కదండీ!”

“చెబితే ఏటవుద్దే? సీటొస్తుందా? ఇప్పుడు తన తప్పనుకుంటోంది. చెబితే నా వల్లే పోయిందని తెలుస్తుంది” అన్నాడు. “నాకు ఆ ధైర్యం లేదు”.

ముహర్రక్ నుంచి తన్మయి విమానం ఆదివారం. శనివారం ముప్పై బంతులు వేస్తే ముప్పై ఆపింది. ఇసుక దులుపుకుంటూ దగ్గరికొచ్చింది.

“ఇప్పుడెంత వేస్తారు అంకుల్?”

పది అనడానికే నోరు తెరిచాడట. పొద్దున్నే సముద్రం దాటి వెళ్లవలసిన పిల్ల.

“ఎనిమిది” అన్నాడు.

తన్మయి ఎగిరి గంతేసింది.